చూసినోళ్ళు

ముప్పై సెకండ్లే ఇస్తది ఫోను.
ముప్పై సెకండ్లల్ల ఏం జెప్తం?
ఎనుమాముల మార్కెట్ల పొద్దు పొడవకముందే
చపాట మిర్చి బస్తా కాడ నిలవడి
తొడిమె తుంచి వాసన చూసింది చెప్తమా,
తుమ్ములు చెప్తమా,
రెండు దినాలు డాబా మీద ఎండవోసి
కోతులకు కావలి కూసున్నది చెప్తమా?

పక్కింటి స్పందన అన్నది:
"అత్తా, మొఖం వద్దు, చేతులు చాలు.
ఎర్రగ కనవడాలె, మాట తక్కువుండాలె.
మొదటి మూడు సెకండ్లల్ల పట్టుకోకపోతే
బొటనేలు జారిపోతది."
నా బొటనేలు ఒకసారి రోకలి కింద నలిగింది.
గోరు ఇంకా వంకరనే.
వీడియోల మొదలు కనవడేది అదే.

కరీమాబాద్ల మా రేకుల షెడ్డు,
జల్లెడ కింద ఎర్రటి దుమ్ము,
చివర్ల నంబరు, కిలో ధర.
మొదటి రోజు స్టేటస్ చూసినోళ్ళు పదకొండు మంది,
అండ్ల ఒకాయన గ్యాసు బండ తెచ్చెటాయన.
నెల తిరిగేసరికి నలభై మూడు.
హన్మకొండ టీచరమ్మలు,
కాజీపేట రైల్వే క్వార్టర్లోళ్ళు,
పరకాలకెల్లి ఒక పెండ్లి వంటాయన:
"అక్కా, ఐదు కిలోలు. మంట వద్దు, రంగు కావాలె."
చపాటకు ఆ గుణమున్నది,
చూస్తే నిప్పు, నాలుకకు నిమ్మళం.
మా ఇంట్ల అందరం దానికి ఉల్టా.

రాత్రి షెడ్డు కడిగి, చేతులకు నూనె రాసుకొని
కన్ను బొమ్మ మీద నొక్కుత.
చూసినోళ్ళ పేర్లు మీదికీ కిందికీ జరుపుత
ఉద్దెర బుక్కు చూసినట్టు.
ఒక పేరు కాడ వేలు ఆగుతది.
తిరుమల. పదకొండు గంటల పది నిమిషాలకు.
రోజూ అదే యాళ్ల.
నా చెల్లె.

మాటల్లేక ఆరేండ్లు.
అమ్మ కమ్మల కాడ మొదలైంది,
నా గడప నువు తొక్కద్దు, నీ గడప నే తొక్క
అన్నకాడ ఆగింది.
బాపు దినాలకు వచ్చి
గోడవారకు కూసోని లేచివొయింది, సద్ది కూడ ముట్టలే.

ఇద్దరి ఫోన్లల్ల ఇద్దరి నంబర్లుంటేనే
స్టేటస్ కనవడ్తదట.
స్పందన ఉత్తగనే చెప్పింది, జడ అల్లుకుంట.
ఆ రాత్రి నాకు నిద్ర వట్టలే.

అప్పటిసంది వీడియోలు కొంచెం మారినై.
కొనేటోళ్ళకు తెల్వదు.
ఒకనాడు జల్లెడ పక్కన అమ్మ సొట్ట చెంబు.
ఒకనాడు మేమిద్దరం ఒక్క తానుల కొనుక్కున్న
నెమలికంఠం చీర, కొంగు మాత్రమే, అర సెకండు.
సరుకు నలభై రెండు మందికి.

మొన్న ఒకటి పెట్టిన.
ధర లేదు, నంబరు లేదు.
అందర్ని తీసేసి ఒక్క పేరు మీదనే టిక్కు.
రోట్లె ఎల్లిగడ్డ దంచుతున్న చేతులు,
చివరికి నా గొంతు:
"ఉప్పు సరిపోయిందో లేదో ఎవర్నడగాలె?"
చిన్నప్పటిసంది ఉప్పు చూసేది అదే.
నా నాలుకకు ఉప్పు తెల్వదు,
అమ్మ ఎన్నోసార్లు తిట్టింది.

పదకొండు పది.
పదకొండు ఇరవై.
చూసినోళ్ళు: ఒకరు.
జవాబు లేదు.
తెల్లారితే అది కూడ చెరిగిపోయింది,
ఇరవై నాలుగు గంటలే దాని ఆయుస్సు.

ఇయ్యాల మంచిర్యాలకెల్లి కొత్త నంబరు.
అప్పుడప్పుడే పగులుతున్న పిల్లగాని గొంతు.
"ఎల్లిగడ్డ కారం కిలో పంపుండ్రి.
ఉప్పు పిడికెడు తక్కువెయ్యాల్నట."
నేను ధర చెప్పలే.
"ఎవరి పిడికెడు బిడ్డా?" అన్న.

అటుదిక్కు ఫోను చేతులు మారిన చప్పుడు.
గాజుల చప్పుడు.
ముప్పై సెకండ్లు దాటినై.
ఎవ్వలం కట్ చెయ్యలే.